గన్‌ఫౌండ్రీ (హైదరాబాదు): చరిత్ర, ఆర్థిక వ్యవస్థ

గన్‌ఫౌండ్రీ తెలంగాణ రాజధాని హైదరాబాదు నడిబొడ్డున, మూసీ నదికి ఉత్తరాన ఉన్న పేట. దీనికి ఉత్తరాన బషీర్‌బాగ్, దక్షిణాన అబిడ్స్, పడమర నాంపల్లి, తూర్పున బొగ్గులకుంట, కింగ్‌కోఠి ప్రాంతాలున్నాయి. 18వ శతాబ్ది చివర నిజాం సైన్యానికి ఫిరంగులు పోతపోసిన కార్ఖానా ఇక్కడ ఉండేది. పేటకు ఆ కార్ఖానా పేరే నిలిచింది. తరువాతి కాలంలో ఈ చుట్టుపక్కలే మిషనరీ పాఠశాలలు, రైల్వే స్టేషను, విదేశీ వస్తువుల దుకాణాలు, రాజ్యపు సొంత బ్యాంకు, పారిశ్రామిక ప్రదర్శన వెలిశాయి. చార్మినార్ చుట్టూ ఉన్న పాత నగరపు వర్తకానికీ, పడమటి శివార్లలోని సమాచార సాంకేతిక రంగానికీ నడుమ హైదరాబాదు ఆర్థిక చరిత్రలో ఉన్న దశ ఈ ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ వ్యాసం గన్‌ఫౌండ్రీతో పాటు దానితో కలిసి పెరిగిన అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలనూ పరిశీలిస్తుంది.

పేరు

ఫిరంగుల కార్ఖానాను ఉర్దూలో ‘తోప్ కా సాంచా’ అన్నారు. ఇంగ్లీషు వాడుకలోని ‘గన్‌ఫౌండ్రీ’ తెలుగులోనూ స్థిరపడింది. అబిడ్స్ అన్నది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ నడిపిన దుకాణం నుంచి వచ్చిన పేరు (చూ. చిల్లర వర్తకం). గన్‌ఫౌండ్రీకి ఎదురుగా ఉన్న విశాలమైన మైదానం ఫతే మైదాన్. 1687లో గోల్కొండ ముట్టడి సమయంలో ఔరంగజేబు సేనలు ఇక్కడ విడిది చేశాయనీ, గెలుపు తరువాత ఈ పేరు వచ్చిందనీ చెబుతారు.

చరిత్ర

*కుతుబ్‌షాహీల నుంచి నిజాముల దాకా*

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో మూసీకి దక్షిణపు ఒడ్డున హైదరాబాదును నిర్మించాడు. నది ఉత్తరపు ఒడ్డు అప్పట్లో తోటలు, పొలాలు, చిన్న పల్లెలతో ఉండేది. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. ఆ దండయాత్రలో ఔరంగజేబు సేన వెంట వచ్చారని చెప్పే సూఫీలు యూసుఫ్ బాబా, షరీఫ్ బాబాల సమాధులున్న యూసుఫైన్ దర్గా నాంపల్లిలో ఉంది. 1724లో నిజాముల (ఆసఫ్‌జాహీల) పాలన మొదలైంది. రెండో నిజాం అయిన నిజాం అలీఖాన్ కాలంలో రాజధాని ఔరంగాబాదు నుంచి హైదరాబాదుకు మారింది. పాలనా యంత్రాంగం, సైన్యం, వాటిని పోషించే వర్తకులు ఇక్కడికి చేరడంతో నగరానికి కొత్త అవసరాలు పుట్టాయి.

*ఫిరంగుల కార్ఖానా*

18వ శతాబ్ది చివర నిజాం రాజ్యానికి మూడు వైపుల నుంచి ఒత్తిడి ఉండేది. పడమర మరాఠాలు, దక్షిణాన మైసూరు, తూర్పు తీరంలో ఈస్టిండియా కంపెనీ. పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొందిన కాలిబలం, ఫిరంగిదళం లేకుండా యుద్ధాలు గెలవడం అప్పటికే కష్టమైపోయింది. ఈ లోటు తీర్చడానికి నిజాం అలీఖాన్ ఫ్రెంచి సైనికాధికారి మిషెల్ జోకిం మరీ రేమండ్‌ను కొలువులోకి తీసుకున్నాడు. రేమండ్ 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. గన్‌ఫౌండ్రీలోని కార్ఖానా 1786లో అతని ఆధ్వర్యంలో ఏర్పడింది.

ఆ కాలంలో ఫిరంగుల పోతకు ఎక్కువగా కంచు వాడేవారు. రాగిలో సుమారు పదోవంతు తగరం కలిపి కొలిమిలో కరిగించేవారు. గుంటలో నిలువుగా పాతిన మట్టి అచ్చులో ఆ ద్రవాన్ని పోసి, నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. ఆ తరువాత గొట్టాన్ని తొలిచి నున్నచేసి, ఎక్కువ మందు దట్టించి కాల్చి చూశాకే దళానికి అప్పగించేవారు. రాగి, తగరం, బొగ్గు, మట్టి, నీరు, ఎడ్లు, నేర్పున్న పనివాళ్లు అన్నీ ఒకేచోట సమకూడాలి. కాబట్టి ఫిరంగుల కార్ఖానా అంటే కేవలం సైనిక స్థావరం కాదు, రాజ్యం సొంత ఖర్చుతో నడిపే పరిశ్రమ కూడా.

1795 మార్చిలో ఖర్డా వద్ద మరాఠాలతో జరిగిన యుద్ధంలో రేమండ్ దళం పాల్గొంది. యుద్ధంలో నిజాం ఓడిపోయినా దళంపై అతనికి నమ్మకం తగ్గలేదు. అదే ఏడాది కుమారుడు ఆలీజా తిరగబడినప్పుడు అణచివేతకు రేమండ్‌నే పంపాడు. రేమండ్ 1798 మార్చి 25న మరణించాడు. అతని సమాధి నగరానికి తూర్పున మూసారాంబాగ్ సమీపంలోని గుట్టపై ఉంది. అతని తరువాత పిరాన్ దళపతి అయ్యాడు.

1798 సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సైన్య సహకార సంధి కుదుర్చుకున్నాడు. దాని ప్రకారం ఫ్రెంచి అధికారులను తొలగించాలి. నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్ పర్యవేక్షణలో అదే ఏడాది అక్టోబరులో కంపెనీ సేనలు సుమారు 14 వేల మంది ఉన్న ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టి నిరాయుధం చేశాయి. రాజ్య రక్షణ కంపెనీ సేనల చేతుల్లోకి పోయాక సొంత ఫిరంగుల తయారీకి పూర్వపు ప్రాధాన్యం లేకుండా పోయింది.

*రెసిడెన్సీ నీడలో విస్తరణ*

1803–06 మధ్య కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ భవనం వెలిసింది. దాని చుట్టూ ఉన్న బజార్లు రెసిడెంటు అధికారపరిధిలోకి వచ్చాయి. మూసీపై 1831లో కట్టిన ఛాదర్‌ఘాట్ వంతెన ఉత్తరపు ఒడ్డును పాత నగరానికి మరింత దగ్గర చేసింది. సాహుకార్లు, దళారులు, ఇంగ్లీషు తెలిసిన ఉద్యోగులు రెసిడెన్సీ, ఛాదర్‌ఘాట్ పరిసరాల్లో స్థిరపడ్డారు. గన్‌ఫౌండ్రీ ఆ విస్తరణకు పడమటి అంచుగా మారి, బంగళాలు, చర్చిలు, పాఠశాలలతో నిండింది. దివాను మొదటి సాలార్‌జంగ్ (పదవీకాలం 1853–83) చేపట్టిన రెవెన్యూ, పాలనా సంస్కరణలతో జీతంపై బతికే ఉద్యోగ వర్గం పెరిగింది. ఈ ప్రాంతపు దుకాణాలకూ బడులకూ తొలి ఆధారం ఆ వర్గమే.

*వరద తరువాత*

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరంలో వేలమంది ప్రాణాలు తీసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ రోడ్లను వెడల్పు చేసి, మార్కెట్లు కట్టింది. నదికి దూరంగా, మెరక మీద ఉన్న ఉత్తర ప్రాంతాలకు సంపన్నుల నివాసాలు, ప్రభుత్వ కార్యాలయాలు తరలాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కింగ్‌కోఠిలో నివసించడం కూడా ఈ ప్రాంతానికి ప్రాముఖ్యం తెచ్చింది. రెసిడెన్సీ బజార్లు 1933లో తిరిగి నిజాం పాలనలోకి వచ్చాయి.

*1948 తరువాత*

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్ల రద్దుతో ఖరీదైన విదేశీ సరుకు కొనే పాత వర్గం ఆదాయం పడిపోయింది. దేశ విభజన తరువాత వచ్చిన సింధీ కుటుంబాలు, అంతకుముందే ఉన్న మార్వాడీ, గుజరాతీ వర్తకులు, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వచ్చిన ఉద్యోగులు కలిసి ఈ ప్రాంతపు వర్తకానికి కొత్త రూపం ఇచ్చారు. అబిడ్స్ కొద్దిమంది ధనికుల బజారుగా ఉన్న స్థితి నుంచి మధ్యతరగతి బజారుగా మారింది.

ఆర్థిక వ్యవస్థ

*బ్యాంకింగ్, నాణెం*

హైదరాబాదు సంస్థానానికి సొంత నాణెం ఉండేది. దీన్ని హాలీ సిక్కా అనీ, తరువాత ఉస్మానియా సిక్కా అనీ వ్యవహరించారు. ఏడు సిక్కా రూపాయలు సుమారు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. రెండు నాణేల నడుమ మారకం, ప్రభుత్వ ఖజానా నిర్వహణ, పరిశ్రమలకు రుణం వంటి పనులకు ఒక కేంద్ర సంస్థ అవసరమైంది. ఇందుకోసం 1941 నాటి చట్టం కింద ఏర్పడిన హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో పని మొదలుపెట్టింది. వాణిజ్య బ్యాంకింగుతో పాటు ఉస్మానియా సిక్కా నిర్వహణ కూడా దాని బాధ్యతే.

సంస్థానం విలీనమయ్యాక 1950ల్లో సిక్కా చలామణి నుంచి తొలగి, భారత రూపాయి ఒక్కటే మిగిలింది. బ్యాంకు 1956లో రిజర్వు బ్యాంకు యాజమాన్యం కిందికి వచ్చి ‘స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్’ అయింది. 1959 చట్టంతో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధ బ్యాంకుగా మారింది. తెలంగాణలోనే కాక, పాత సంస్థానంలో భాగాలైన మరాఠ్వాడా, కల్యాణ కర్ణాటక జిల్లాల్లోనూ దానికి బలమైన శాఖలుండేవి. 1956లో హైదరాబాదు రాష్ట్రం మూడు రాష్ట్రాలకు పంపకమైనా, ఆ పాత ఆర్థిక ప్రాంతాన్ని కలిపి ఉంచిన సంస్థల్లో ఈ బ్యాంకు ఒకటి. 2017 ఏప్రిల్ 1న మరో నాలుగు అనుబంధ బ్యాంకులతో పాటు ఇది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

గన్‌ఫౌండ్రీకి దక్షిణాన కోఠిలో బ్యాంక్ స్ట్రీట్, ట్రూప్ బజారులో సహకార అపెక్స్ బ్యాంకు ఉన్నాయి. ఈ వీధులన్నీ కలిసి చాలాకాలం నగరపు ఆర్థిక లావాదేవీల కేంద్రంగా పనిచేశాయి.

*రవాణా*

బొంబాయి–మద్రాసు మార్గంలోని వాడి నుంచి వేసిన రైలుమార్గం 1874లో హైదరాబాదు, సికింద్రాబాదులకు చేరింది. దాన్ని తూర్పుకు పొడిగించగా 1889లో విజయవాడ అందింది. సింగరేణి బొగ్గు, తెలంగాణ ధాన్యం, పత్తి దేశపు ఇతర మార్కెట్లకు చేరడానికి ఈ మార్గమే ఆధారం. నాంపల్లిలోని స్టేషను 1907లో నిర్మాణమైంది. రైల్వే రికార్డుల్లో దీని పేరు హైదరాబాదు దక్కన్, జనం నోట నాంపల్లి స్టేషనే. 1930లో సంస్థాన ప్రభుత్వం రైల్వేను దాన్ని నడిపే రైల్వే కంపెనీ నుంచి స్వాధీనం చేసుకుంది. 1932లో ఆ రైల్వే శాఖ కిందనే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. నేటి ప్రభుత్వ బస్సు సంస్థకు మూలం అదే.

నాంపల్లి రైళ్లు బయలుదేరే, ఆగిపోయే చివరి స్టేషను. చెన్నై వెళ్లే చార్మినార్, విశాఖపట్నం వెళ్లే గోదావరి, ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లతో దీనికి గుర్తింపు వచ్చింది. రాత్రి రైలుకు వచ్చి పగలు పని చూసుకుని తిరిగి వెళ్లే జిల్లాల వర్తకులు, కోర్టు, కార్యాలయాల పనులున్నవారు లాడ్జీలకూ హోటళ్లకూ ఆధారమయ్యారు. స్టేషను ఎదుటి సరాయి కూడా నిజాం కాలంలో ప్రయాణికుల వసతి కోసం కట్టినదే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో ప్రారంభమై నాంపల్లి, గాంధీభవన్, అసెంబ్లీ స్టేషన్లు అందుబాటులోకి వచ్చాయి.

*చిల్లర వర్తకం*

ఆల్బర్ట్ అబిద్ ఆరో నిజాం (పాలన 1869–1911) ఆంతరంగిక కొలువులో ఉండి, రాజాస్థానానికి విదేశీ వస్తువులు సమకూర్చేవాడు. 1891లో జేకబ్ వజ్రం నిజాం వద్దకు చేరిన వ్యవహారంలోనూ అతను మధ్యవర్తి. అతని దుకాణంలో గడియారాలు, కలాలు, బట్టల వంటి ఐరోపా సరుకు దొరికేది. దుకాణం మూతపడ్డాక కూడా కూడలిని అబిద్ పేరుతోనే పిలిచారు. పాత దుకాణం చోట తరువాత ప్యాలెస్ టాకీస్ నడిచింది.

పాత నగరపు బజార్లలో బేరం, తెలిసిన వర్తకుడితో అరువు ఖాతా ముఖ్యం. అబిడ్స్ దుకాణాల్లో అద్దాల వెనుక సరుకు, నిర్ణీత ధర, రసీదు ఉండే పద్ధతి బలపడింది. నేడు ఈ ప్రాంతంలో వీధి వీధికీ ఒక సరుకు ప్రధానం:

- అబిడ్స్ కూడలి, జవాహర్‌లాల్ నెహ్రూ రోడ్డు: బట్టలు, చెప్పులు, మిఠాయిలు
- జగదీశ్ మార్కెట్: మొబైల్ ఫోన్లు, వాటి మరమ్మతు
- చిరాగ్ అలీ లేన్: కంప్యూటర్లు, విడిభాగాలు
- ట్రూప్ బజారు: విద్యుత్ సామగ్రి, కుళాయిలు, స్నానాల గది సామగ్రి
- బేగంబజారు (దక్షిణాన): కిరాణా, గిన్నెలు తదితరాల టోకు వర్తకం

ఒకే సరుకు అమ్మేవారు పక్కపక్కన ఉండడం వల్ల కొనేవారికి ధరలు పోల్చుకునే వీలు, అమ్మేవారికి లేని సరుకు పక్క దుకాణం నుంచి తెచ్చి ఇచ్చే వీలు కలుగుతాయి. బేగంబజారు టోకు వర్తకానికీ అబిడ్స్ చిల్లర వర్తకానికీ మధ్య దూరం తక్కువ కావడం ఈ ప్రాంతపు బలం.

నగరాభివృద్ధి సంస్థ 1930ల్లో కట్టించిన మొజాంజాహీ మార్కెట్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కుమారుడి పేరున ఉంది. త్రికోణపు స్థలంలో రాతితో కట్టిన ఈ మార్కెట్ మొదట పండ్లకు ప్రసిద్ధి. తరువాత ఐస్‌క్రీము దుకాణాలతోనూ పేరు పొందింది. విభజన తరువాత సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నాని 1953లో ఈ మార్కెట్ వద్ద కరాచీ బేకరీ ప్రారంభించాడు.

ఆదివారాలు దుకాణాలు మూసి ఉన్నప్పుడు అబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకాల సంత సాగుతుంది. పాఠ్యపుస్తకాలు, పోటీపరీక్షల గైడ్లు, నవలలు, పాత పత్రికలు తక్కువ ధరకు దొరకడంతో విద్యార్థులకు ఇది ఎంతో ఉపయోగకరం.

*నుమాయిష్*

ఉస్మానియా పట్టభద్రుల సంఘం రాష్ట్ర ఆర్థిక సర్వేకు నిధులు సమకూర్చడానికి 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో స్వదేశీ వస్తువుల ప్రదర్శన ఏర్పాటు చేసింది. స్థలం చాలక 1946లో ప్రదర్శన నాంపల్లికి మారింది. రాజకీయ కల్లోలం వల్ల 1947, 1948లలో జరగలేదు. అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనగా ఎదిగిన ఈ నుమాయిష్ ఏటా జనవరి 1న మొదలై సుమారు 45 రోజులు సాగుతుంది. కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ పని, ఉత్తరప్రదేశ్ కొయ్య సామాను, రాష్ట్ర చేనేత వస్త్రాలు ఒకే మైదానంలో అమ్ముడవుతాయి. చిన్న ఉత్పత్తిదారులకు నగరపు కొనుగోలుదారులు నేరుగా దొరకడం దీని ప్రధాన ప్రయోజనం. ఆదాయాన్ని ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థల నిర్వహణకు వెచ్చిస్తుంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిలో ముఖ్యమైనవి. 2019 జనవరి 30న జరిగిన అగ్నిప్రమాదంలో అనేక దుకాణాలు కాలిపోయాయి. 2021లో కరోనా కారణంగా ప్రదర్శన జరగలేదు.

*వినోదం, ఆతిథ్యం*

ప్యాలెస్, జమ్రూద్, సంతోష్–సప్న, నందమూరి తారక రామారావు కుటుంబానికి చెందిన రామకృష్ణ థియేటర్లు అబిడ్స్‌ను సినిమా కేంద్రంగా నిలిపాయి. సినిమా చూడడం, బజారు, హోటల్లో ఫలహారం ఒకే సాయంత్రపు కార్యక్రమంగా ఉండేవి. వీటిలో చాలా థియేటర్లు తరువాత వాణిజ్య సముదాయాలకు చోటిచ్చాయి.

ఫతే మైదాన్‌లో 1955 నవంబరులో నగరపు తొలి టెస్టు క్రికెట్ మ్యాచ్ జరిగింది. న్యూజిలాండ్‌పై ఆ మ్యాచ్‌లో పాలీ ఉమ్రిగర్ చేసిన 223 పరుగులు టెస్టుల్లో భారతీయుడి తొలి ద్విశతకం. మైదానానికి 1967లో లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మారింది.

విద్యాసంస్థలు, చర్చిలు

ఈ ప్రాంతపు పాఠశాలలు పాలనకూ వర్తకానికీ చదువుకున్న ఉద్యోగులను అందించాయి. అబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834లో, గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ హైస్కూలు 1855లో మొదలయ్యాయి. రోజరీ కాన్వెంట్, స్టాన్లీ బాలికల పాఠశాల, 1907లో స్థాపించిన మహబూబియా బాలికల పాఠశాల ఆడపిల్లల చదువుకు దారి వేశాయి. నిజాం కళాశాల 1887లో బషీర్‌బాగ్‌లో ఏర్పడింది. ఉర్దూ బోధనామాధ్యమంగా 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి తరగతులు కూడా సొంత ప్రాంగణం వచ్చేదాకా ఈ చుట్టుపక్కల అద్దె భవనాల్లోనే సాగాయి.

సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్‌కు 1870లో పునాది పడగా, 1875 క్రిస్మస్ నాటికి ప్రార్థనలు మొదలయ్యాయి. ఇటలీ మిషనరీల చేతుల మీదుగా కట్టిన ఈ చర్చి హైదరాబాదు కతోలిక అగ్రపీఠానికి కేంద్రం.

తెలుగు సంస్థలు

ఉర్దూ పాలనాభాషగా ఉన్న కాలంలో తెలుగువారి సంఘాలు ఎక్కువగా ఈ చుట్టుపక్కలే పుట్టాయి. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్‌బజారు ప్రాంతంలో వెలిసింది. నగర కొత్వాలుగా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి కృషితో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు అబిడ్స్‌లో ఉండేది. జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులకు అది వసతిగృహం, సభలకు వేదిక కూడా. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోల్కొండ పత్రికను ప్రారంభించాడు. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు బొగ్గులకుంటలో స్థిరపడింది. 1985లో నెలకొల్పిన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ వద్ద చాలాకాలం నడిచింది. చదువు, ఉద్యోగం, అచ్చు, సభ ఒకే నడకదూరంలో దొరకడం ఈ సంస్థల ఎదుగుదలకు తోడ్పడింది.

ఇటీవలి మార్పులు

1998లో ప్రారంభమైన హైటెక్ సిటీతో నగరపు పెట్టుబడి, అధిక జీతాల ఉద్యోగాలు పడమటికి కదిలాయి. షాపింగ్ మాల్స్, బహుళ తెరల సినిమాహాళ్లు అటే వచ్చాయి. వాహనాలు నిలుపుకొనే చోటు లేకపోవడం, ఇరుకు రోడ్లు, ఇంటర్నెట్‌లో కొనుగోళ్లు అబిడ్స్ వర్తకాన్ని తగ్గించాయి. అయితే ఈ ప్రాంతం ఖాళీ కాలేదు. నాంపల్లిలోని ప్రభుత్వ కార్యాలయాలు, పబ్లిక్ సర్వీస్ కమిషన్, క్రిమినల్ కోర్టులు, హజ్ హౌస్, పాఠశాలలు రోజూ వేలమందిని ఇక్కడికి రప్పిస్తున్నాయి. మరమ్మతులు, విడిభాగాలు, టోకు సరుకు వంటి రంగాల్లో ఈ వీధులకు ప్రత్యామ్నాయం ఇంకా ఏర్పడలేదు.

వారసత్వం, ప్రాధాన్యం

పాత ఫిరంగుల కార్ఖానాలో మిగిలిన నిర్మాణం రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో ఉంది. చుట్టూ దుకాణాలు, రోడ్లు పెరగడంతో అది బయటి నుంచి సులువుగా కంటబడదు. మొజాంజాహీ మార్కెట్‌ను ప్రభుత్వం ఇటీవల పునరుద్ధరించింది. బ్యాంకు, స్టేషను, పాఠశాల భవనాలు మాత్రం వాడుకలో ఉండడం వల్లే నిలిచాయి.

ఫిరంగుల పోత, ఖజానా బ్యాంకు, రైల్వే, ప్రదర్శన వేర్వేరు కాలాలవి. మొదటి మూడూ రాజ్యపు అవసరం నుంచి నేరుగా పుట్టాయి. నాలుగోదానికి రాజ్యం చదివించిన పట్టభద్రులు పూనుకున్నారు. వాటి చుట్టూ వర్తకులు, ఉద్యోగులు, విద్యార్థులు చేరి ఈ ప్రాంతాన్ని నిలబెట్టారు. పోషించిన రాజ్యాలు మారినా బజారు, బడి, స్టేషను మిగిలాయి. హైదరాబాదు ఆధునిక ఆర్థిక వ్యవస్థ హైటెక్ సిటీతో మొదలు కాలేదనీ, దాని పునాదులు మూసీ ఉత్తరపు ఒడ్డున రెండు శతాబ్దాలకు ముందే పడ్డాయనీ గన్‌ఫౌండ్రీ చరిత్ర నిరూపిస్తుంది.